‘ప్రకాశింపనియ్యుడి’లో ‘ఇయ్యుడి’ అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. మత్తయి సువార్త 5:16లో ఒక క్రియాపదం గురించి మీ మాట కావాలి. వచనం ఇది: “మనుష్యులు మీ సత్క్రియలను చూచి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచునట్లు వారియెదుట మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి.”

నేను మల్కాజిగిరిలో ఉంటాను. ఆదివారాలు సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠం చెబుతాను. పోయిన వారం ఈ వచనాన్నీ, దాని ముందున్న “దీపము వెలిగించి కుంచము క్రింద పెట్టరు” అనే మాటనూ కంఠతా పెట్టించి, బొమ్మ వేసుకు రమ్మన్నాను. మూడో తరగతి పాప ఒకతి దీపం చక్కగా వేసి, దాని మీద అడ్డంగా రంగులేసే కుంచె వేసుకొచ్చింది. కుంచము అంటే ఆ బిడ్డకు కుంచే. తప్పు పాపది కాదు. వాళ్లింట్లో బియ్యం పాతిక కిలోల సంచుల్లో వస్తాయి, గింజలు కొలిచే కుంచం ఎక్కడ చూస్తుంది?

అందుకని అమ్మ దగ్గరున్న పాత ఇత్తడి కుంచం తెచ్చుకున్నాను. పిల్లలకు చూపించే ముందు ఇంట్లో ఒకసారి చేసి చూశాను. ప్రమిదలో నూనె పోసి, వత్తి వెలిగించి, లైట్లన్నీ ఆర్పి, కుంచం బోర్లించాను. అంచు దగ్గర సన్నటి గీతంత వెలుగు కూడా బయటికి రాలేదు. కాసేపటికి ఎత్తి చూస్తే దీపమే లేదు. వత్తి కొస నుంచి పొగ లేస్తోంది, కుంచం లోపల నల్లగా మసి. ఇన్నేళ్లూ కుంచం కింద దీపం అంటే దాచిన దీపం అనుకున్నాను. గాలాడక ఆరిపోయే దీపమని చేత్తో చేసి చూసేదాకా తట్టలేదు.

ఇక నా ప్రశ్న. అనువాదకులు ‘ప్రకాశింపజేయుడి’ అనలేదు, ‘ప్రకాశింపనియ్యుడి’ అన్నారు. గుమ్మంలో నిలబడ్డ పిల్లాడితో “కాస్త జరుగు నాన్నా, వెలుగు రానీ” అంటాం. వాడు వెలుగు తేనక్కర్లేదు, జరిగితే చాలు. ఇక్కడా అదే అర్థమా? లేక నేను పదాన్ని మరీ సాగదీస్తున్నానా?

ఉప్పల్ నుంచి ఒక తమ్ముడి జవాబు:

అక్కా, మాది సిద్దిపేట దిక్కు. మీకు ‘ఇయ్యుడి’ పుస్తకం మాటలా కనబడుతుందేమో గానీ మాకు అది ఇంటి మాటే. మా నానమ్మ ఇప్పటికీ “జర పక్కకు జరుగుండ్రి, ఎల్గు రానియ్యుండ్రి” అంటది. రానియ్యుడి, రానియ్యుండ్రి: ఎంత దగ్గరున్నాయో చూడండి. చర్చిలో ఈ వచనం చదివినప్పుడల్లా నాకు నానమ్మ గొంతే వినిపిస్తది. మీరు సాగదీయలేదు.

రిటైరైన తెలుగు పంతులు గారి జవాబు:

అమ్మా, వ్యాకరణం మీ వైపే ఉంది. క్రియకు ‘ఇచ్చు’ తోడైతే అనుమతి, అడ్డగించకపోవడం అనే అర్థాలు వస్తాయి: పోనిచ్చు, చూడనిచ్చు, మాట్లాడనిచ్చు. పిల్లలకు కుంచం కొలత కూడా చెప్పండి. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గ్రీకు మూలంలోని మాట ‘మోదియోస్’, అది కూడా ధాన్యం కొలిచే పాత్రే, దాదాపు 9 లీటర్లు పడుతుంది. ‘కుంచము’ అని పెట్టినవాళ్లు మన వంటింట్లోంచి సరైన పాత్రనే ఎంచుకున్నారు. అదే వచనంలో దీపాన్ని ‘దీపస్తంభము’ మీద పెడతారని ఉంది, ఆ మాట విషయంలో మాత్రం నాకు కొంచెం అసంతృప్తి. ఆ మాట వింటే గుడి ముందరి రాతి స్తంభమో, సముద్రపు ఒడ్డున ఓడలకు దారి చూపేదో గుర్తొస్తుంది. అక్కడున్నది ఇంట్లో దీపం పెట్టుకునే సెమ్మె, అంతే.

గ్రీకు చదువుకున్న ఒక సభ్యుడు:

ఒక్క మాట అడ్డం చెప్పాలి. గ్రీకులో ఉన్న ‘లాంప్సాతో’ అనుమతి రూపం కాదు, ప్రథమ పురుష విధి రూపం. ‘మీ వెలుగు ప్రకాశించుగాక’ అన్నట్టు. తర్వాతి అధ్యాయంలో ప్రభువు ప్రార్థన చూడండి. “నీ రాజ్యము వచ్చుగాక” అన్నచోటా గ్రీకులో ఉన్నది అలాంటి రూపమే. అక్కడ ‘గాక’ వాడి, ఇక్కడ ‘ఇయ్యుడి’ వాడారు. కాబట్టి ‘అడ్డం తొలగడం’ అనే అర్థం తెలుగు మాటలోంచి వస్తోంది, గ్రీకు క్రియలోంచి కాదు.

నా జవాబు:

అన్నా, ఇది నాకు తెలియదు, చాలా ఉపయోగపడింది. పిల్లలకు గ్రీకులో ఇలాగే ఉందని చెప్పను. కానీ తెలుగు మాట దారి తప్పిందని కూడా అనిపించట్లేదు. 14వ వచనం “మీరు లోకమునకు వెలుగైయున్నారు” అంటుంది. వెలుగు అవ్వండి అనలేదు, అయి ఉన్నారు అంది. వెలిగించడం అప్పటికే అయిపోయింది. ఇక మిగిలింది కుంచం తీయడమే కదా. ‘గాక’ అంటే ప్రార్థనలా ఉంటుంది, ఆశపడి ఊరుకోవచ్చు. ‘ఇయ్యుడి’ అంటే నేను కదలాలి.

ఈ మాట నన్నింతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. నేనొక ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. బల్ల అద్దం కింద ఈ వచనమే రాసిన కార్డు ఉంటుంది. ఈమధ్య ఒక పెద్దాయన మూడోసారి కూడా ఫారం తప్పుగా నింపి తెచ్చాడు. వెనక లైను పెరుగుతోంది, నాకు టెన్షన్. “ఎన్నిసార్లు చెప్పాలండీ?” అని గట్టిగా అరిచాను. ఆయన ఏమీ అనలేదు. బల్ల మీదికి వంగి, ఆ కార్డు మీద వేలు పెట్టి, “ఎట్లా నింపాలో ఇందులో రాసుందా అమ్మా?” అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఫారం నేనే నింపి ఇచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. కార్డు ఏళ్ల తరబడి అక్కడే ఉంది, అడ్డంగా ఉన్నది నేను.

సికింద్రాబాద్ నుంచి ఒక అక్క:

మరి 6:1లో “మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి” అని ఉంది కదమ్మా. అక్కడా ‘వారియెదుట’, ఇక్కడా ‘వారియెదుట’. పిల్లలు అడిగితే ఏం చెబుతావు?

నా జవాబు:

అక్కా, పంతులు గారు సెమ్మె అన్నప్పటి నుంచి నేనూ ఇదే ఆలోచిస్తున్నాను. “గూట్లో దీపం, నోట్లో ముద్ద” అని మన పెద్దలు అనేవాళ్లు. గూట్లో దీపం పెట్టాక ఎవరూ దీపాన్ని చూస్తూ కూర్చోరు. ఆ వెలుగులో కంచం చూసుకుంటారు, పక్కనున్న మనిషి ముఖం చూస్తారు. 6:1లో మనిషి తానే కనబడాలని చేస్తున్నాడు. 5:16లో జనం పనిని చూస్తారు, మహిమ తండ్రికి వెళ్తుంది. ఇంకోటి, దీపం “యింటనుండువారికందరికి” వెలుగిస్తుంది అని ఉంది. ముందు ఇల్లు. కౌంటర్ దగ్గర మంచిగా ఉండి, ఇంటికెళ్లి అత్తయ్య మీద విసుక్కుంటే ఈ వచనం ప్రకారం అది లెక్కలోకి రాదేమో. పిల్లలకు మాత్రం ఇంట్లో తమ్ముడితో, చెల్లితో ఎలా ఉంటున్నారన్న దగ్గరే మొదలుపెడతాను.

ఈ ఆదివారం తర్వాత మళ్లీ నేనే:

పిల్లలకు కుంచం చూపించాను. ఒక్కొక్కరూ చేతిలోకి తీసుకుని బరువు చూశారు, లోపలి మసి వేలితో రాసి చూశారు. ‘ప్రకాశింపనియ్యుడి’ అనే మాట మార్చలేదు, ‘వెలుగుకు అడ్డం రాకండి’ అని మాత్రం అర్థం చెప్పాను. ఆ మూడో తరగతి పాప బొమ్మ మళ్లీ వేసింది. కుంచె చెరిపేసింది. దీపాన్ని ఎత్తుగా పెట్టింది. కుంచాన్ని దాని పక్కనే, బోర్లించకుండా నిలబెట్టి వేసి, నిండా చుక్కలు పెట్టింది. ఏంటమ్మా ఇవి అంటే, “బియ్యం టీచర్, దాని పని అదే కదా” అంది.