ఓవెన్‌లో బేకన్ కరకరలాడేలా చేయడం పాపకి నేర్పాలి, నేనేమో తినను. ఎలా?

అడిగినవారు: డాలస్ అమ్మ

మా పాపకి పదకొండేళ్లు. స్నేహితురాళ్ల ఇళ్లలో స్లీప్‌ఓవర్లకి వెళ్లి బేకన్ (ఉప్పు పట్టించిన పల్చటి పంది మాంసం ముక్కలు) రుచి మరిగింది. మా ఇంట్లో గుడ్డు దాటి ఎవరం ఏమీ ముట్టం. దాన్ని తినొద్దనను, కానీ వండిపెట్టడం నా వల్ల కాదు, కావాలంటే నువ్వే చేసుకో అన్నా. ఎగిరి గంతేసింది. పెనం మీదైతే కొవ్వు చిందుతుందని భయపడి ఓవెన్ అనుకున్నాం. ఒకసారి చేస్తే సగం ముక్కలు సాగుతూ, సగం మాడి వచ్చాయి. స్మోక్ అలారం కూడా మోగింది. రుచి చూడకుండా వేగిందో లేదో పిల్లకి ఎలా చెప్పాలి? వచ్చే నెల మా అత్తయ్యగారు వస్తున్నారు, వాసన సంగతి కూడా కాస్త చెప్పండి.

కొలంబస్ బాబాయ్:

ఏ ట్రే వాడారమ్మా? ఎంత వేడి పెట్టారు?

డాలస్ అమ్మ:

కుకీలు చేసుకునే చదును రేకు, అంచుల్లేవు. పైన ఫాయిల్. 425 పెట్టింది. ప్యాకెట్ మొత్తం పరిచేసింది, కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కొవ్వు కారి ఓవెన్ అడుగున పడింది.

కొలంబస్ బాబాయ్:

అలారం మోగింది అందుకే. ఓవెన్ పూర్తిగా చల్లారాక ముందు ఆ అడుగు తుడిచేయండి. లేకపోతే రేపు కేక్ పెట్టినా పొగే, ఒక్కోసారి మంటే అంటుకోవచ్చు.

ట్రేకి చుట్టూ అంగుళం ఎత్తు అంచు ఉండి తీరాలి. దుకాణాల్లో హాఫ్ షీట్ అని 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పుది దొరుకుతుంది. మరీ పల్చటి రేకు వేడికి టంగుమని వంకర తిరుగుతుంది, కాస్త బరువున్నది చూడండి. ముక్కలు పక్కపక్కన పెట్టాలి గానీ ఎక్కించొద్దు. రెండు ముక్కలు ఎక్కిన చోట నీరు పోవడానికి దారుండదు, అక్కడ అవి వేగవు, ఉడుకుతాయి. మీకు సాగినవి అవే. ప్యాకెట్ అంతా పట్టకపోతే రెండు వాయిలు చేసుకోమనండి, తొందరేముంది?

వేడి 400 ఫారన్‌హీట్ చాలు. ఫ్యాన్ తిరిగే కన్వెక్షన్ అయితే 375. ట్రే మధ్య అరలో పెట్టాలి. మామూలు మందానికి 15 నుంచి 20 నిమిషాలు, థిక్ కట్ అయితే ఇంకో ఐదు. ఫాయిల్ బదులు పార్చ్‌మెంట్ పేపర్, అదే ఓవెన్ వేడికి తట్టుకునే బేకింగ్ కాగితం, వేస్తే ముక్కలు అంటుకోవు. డబ్బా మీద ఎంత వేడి వరకు వాడొచ్చో రాసి ఉంటుంది, చాలా రకాలకి 420, 425 దగ్గరే హద్దు. మైనం పూసిన వ్యాక్స్ పేపర్ మాత్రం ఓవెన్‌లో పెట్టనివ్వొద్దు. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, పిల్లలు పొరబడేది అక్కడే.

ఎడిసన్ అక్క:

రుచి చూడాల్సిన పనే లేదు చెల్లీ, కన్నూ చెవీ ఉంటే చాలు. ఓవెన్ లైటు వేసి అద్దం లోంచి చూడమను. మొదట తెల్ల కొవ్వు గాజులా అవుతుంది, ముక్క ముడుచుకుంటుంది. తర్వాత పెద్ద పెద్ద బుడగలతో చిటపటలు మొదలవుతాయి. అది లోపలి నీరు పోతున్న చప్పుడు. ఆ గోల తగ్గి, బుడగలు చిన్నవై ముక్కల చుట్టూ సన్నటి నురగ కట్టిందంటే దగ్గరపడింది. అక్కణ్ణుంచి నిమిషం నిమిషం చూడాలి, మాడేది ఆ కాసేపట్లోనే. కొవ్వు భాగం బంగారు రంగు, మాంసం ఇటుక రంగు రాగానే తీసెయ్యాలి.

తీసినప్పుడు ముక్క ఇంకా కొంచెం వంగుతుంది. పిల్లలు అది చూసి ఇంకా అవలేదని మళ్లీ లోపల పెడతారు. పేపర్ టవల్ మీద వేసి రెండు నిమిషాలు ఆగమను. నూనెలోంచి తీసిన వడియం ఆరాక కరకరలాడినట్టే ఇదీను.

పచ్చి ముక్కలు పట్టుకున్న చేత్తో ఫ్రిజ్ తలుపూ ఫోనూ ముట్టకుండా, పరచడం అవగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. బేకన్‌ని మాత్రం కడగొద్దు, సింకంతా అంటుతుంది.

సియాటిల్ నుంచి ఒకరు:

ఓవెన్ ముందు వేడి చేయొద్దండీ. చల్లటి ఓవెన్‌లోనే ట్రే పెట్టి 400కి తిప్పండి. కొవ్వు నెమ్మదిగా కరిగి ముక్కలు అంతగా ముడుచుకోవు. పైగా వేడి ఓవెన్‌లోకి పిల్ల చెయ్యి పెట్టే పని తప్పుతుంది.

కొలంబస్ బాబాయ్:

ముక్కలు బాగానే వస్తాయి, కాదనను. కానీ ఒక్కో ఓవెన్ ఒక్కోలా వేడెక్కుతుంది, టైమర్ లెక్క కుదరదు. కొత్తగా నేర్చుకునే పిల్లకి గడియారం ఆసరా ఉండాలి. అయినా మీరు చెప్పిన రెండో కారణం గట్టిది. ఈ పాప వరకు చల్లటి ఓవెనే మేలేమో. టైమర్ 15కి పెట్టి, మోగాక ఎడిసన్ అక్క చెప్పిన నురగ కోసం చూడమనండి.

ఆస్టిన్ నర్సు:

అందరూ చిందే కొవ్వు గురించే భయపడతారు. ఓవెన్‌లో అసలు ప్రమాదం ట్రే బయటికి తీసేటప్పుడు. లోపల కరిగిన కొవ్వు సన్నగా నిలిచి ఉంటుంది. బరువుకి ఒక పక్క వాలితే చాలు, అంచు దాటి ముంజేతి మీదో పాదాల మీదో పడుతుంది. నీళ్ల కంటే బాగా వేడిది, జిగట కూడా. పదకొండేళ్ల పిల్ల చేత ఆ ట్రే తీయించొద్దు. పరచడం, టైమర్, కనిపెట్టుకుని ఉండడం తనవి. ట్రే తీసి పొయ్యి మీద పెట్టడం మీది. అక్కడ కదలకుండా ఉన్నాక పట్టకారుతో ముక్కలు తనే తీసుకోవచ్చు.

ఓవెన్ గ్లవ్స్ పొడిగా ఉండాలి. తడి మసిగుడ్డతో పట్టుకుంటే వేడి క్షణంలో చేతికెక్కుతుంది. కాళ్లకి చెప్పులు, జుట్టుకి రబ్బరు బ్యాండు. లోపల మంట కనిపిస్తే తలుపు తెరవకూడదు, ఓవెన్ ఆపి మిమ్మల్ని పిలవాలి. నీళ్లు అసలే పోయకూడదు. ఇది వంట నేర్పే ముందే తన నోట ఒకసారి చెప్పించుకోండి. కాలితే పంపు కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి, ఐసూ టూత్‌పేస్టూ వద్దు.

షికాగో సోదరుడు:

మేం పంది తినం, మా పిల్లలు టర్కీ బేకన్ చేసుకుంటారు. అందులో కొవ్వు తక్కువ, తనంతట తాను వేగదు. పార్చ్‌మెంట్ మీద కాస్త నూనె రాసి, సగంలో తిప్పాలి. బీఫ్ బేకన్ అయితే పైన చెప్పిన పద్ధతే.

హైదరాబాద్ నుంచి:

మాది చిన్న ఓటీజీ, బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్. కుదురుతుందా?

ఎడిసన్ అక్క:

కుదురుతుంది, 200 సెల్సియస్ పెట్టు. పై కడ్డీ దగ్గరగా ఉంటుంది కాబట్టి ట్రే కింది అరలో పెట్టి, రెండు కడ్డీలూ వెలిగించు. నాలుగైదు ముక్కలే పడతాయి. పది నిమిషాల నుంచే చూస్తూ ఉండు.

పేరు లేని సభ్యులు:

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పిల్లలకి అలవాటు చేయడం అవసరమా?

డాలస్ అమ్మ:

నిజమేనండీ, అందుకే నెలకి ఒకటి రెండు ఆదివారాలే అని ఒప్పందం. ట్రేలో మిగిలిన కొవ్వు ఏం చేయాలి? వాసన?

కొలంబస్ బాబాయ్:

సింకులో పొయ్యొద్దు, పైపులో గడ్డకట్టి ప్లంబర్‌ని పిలిపిస్తుంది. ట్రే అలాగే వదిలేస్తే చల్లారి తెల్లగా పేరుకుంటుంది. కాగితంతో సహా చుట్టి చెత్తలో వేయండి. వాసనకి వంట మొదలుపెట్టకముందే చిమ్నీ ఫ్యాన్ వేసి కిటికీ తీయాలి, అయ్యాక తీస్తే లాభం తక్కువ. జిడ్డు కాగితాలున్న చెత్త సంచి వెంటనే బయట పెట్టండి. పూట గడిచినా వాసన కొట్టేది అదే. ట్రే, పట్టకారు బేకన్‌కి విడిగా ఉంచి ఎర్ర టేపు అంటించండి. అత్తయ్యగారికి సంజాయిషీ చెప్పే పని తగ్గుతుంది.

డాలస్ అమ్మ:

ఎర్ర టేపు బాగుంది. ప్యాకెట్ విప్పాక మిగిలింది ఎన్నాళ్లుంటుంది? తనొక్కతే తింటుంది.

ఎడిసన్ అక్క:

ఫ్రిజ్‌లో వారం. అంతలో అవ్వదనుకుంటే విప్పిన రోజే పార్చ్‌మెంట్ మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చాపలా చుట్టి సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో వెయ్యి. నెల లోపు వాడేసుకోండి. కావలసిన మూడు ముక్కలే విప్పుకుని గడ్డగా ఉన్నవి ఉన్నట్టే ట్రేలో పరుచుకోవచ్చు, రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.