దూకుడున్న కార్నర్ కుర్రాడు: దూకుడు తగ్గిస్తేనే ప్రో కబడ్డీ దాకా వెళ్తాడా, తగ్గిస్తే పాడైపోతాడా?

కొండపి మేనమామ:
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు గురించి మీ సలహా కావాలి. వాడికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. కొండపి పక్కన పల్లె. లెఫ్ట్ కార్నర్ ఆడతాడు, అంటే రైడర్‌ను పట్టేవాళ్ల వరుసలో ఎడమ చివర నిలబడతాడు. బరువు 66 కేజీలు. ఒళ్లు పెద్దదేం కాదు గానీ, పట్టాడంటే వదలడు. మొన్న తిరునాళ్ల టోర్నీలో తనకంటే బాగా బరువున్న రైడర్ చీలమండ పట్టుకున్నాడు. ఆయన వీణ్ణి నడిగీత వైపు బరబరా ఈడ్చుకుపోయాడు. మోచేతులు రెండూ చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అయినా కవర్లు, అంటే వరుసలో లోపలి వైపు నిలబడేవాళ్లు, వచ్చి మీద పడేదాకా ఆ కాలు వదల్లేదు. చూసేవాళ్లంతా లేచి నిలబడ్డారు.

గొడవేంటంటే, అదే మ్యాచ్‌లో వాడు మూడుసార్లు తొందరపడి దూకాడు. రైడర్ ఇంకా లోపలికి రాకముందే మీదికెళ్లడం, పాయింట్ ఇచ్చి బయటికి రావడం. చివర్లో అంపైర్‌తో వాదించి గ్రీన్ కార్డు (హెచ్చరిక) కూడా తెచ్చుకున్నాడు. కాలేజీ పీఈటీ సారేమో, ఈ తొందర మానకపోతే జిల్లా దాటలేడు, ఏడాదిపాటు ఊరి టోర్నీలు మాన్పించి నాకు అప్పగించండి అంటున్నారు. వాణ్ణి టోర్నీలకు తీసుకెళ్లే సీనియర్లేమో, ఆ దూకుడే వాడి బలం, దాన్ని తీసేస్తే వందమందిలో ఒకడవుతాడు అంటున్నారు. మా బావ పొగాకు రైతు. ఎవరి మాట వినాలో తెలియక నన్నడిగాడు, నేను మిమ్మల్ని అడుగుతున్నా.

కావలి రైడర్:
అన్నా, నేను పదేళ్లుగా రైడర్‌ని. నిజం చెప్తున్నా, మాకు అన్నిటికంటే ఇష్టమైన కార్నర్ ఎవరంటే మీ మేనల్లుడి లాంటివాడే. ముందు కాలు కొంచెం చాపుతాను, బరువంతా వెనక కాలి మీదే ఉంటుంది. వాడికి కనిపించేది చాపిన కాలే. దూకుతాడు. కాలు లాగేసుకుని, నేలమీద పడ్డవాడి వీపు తాకి వెనక్కి వచ్చేస్తాను. ఊళ్లో ఇది సగం సార్లే పనిచేస్తుంది. ప్రో కబడ్డీలో ఆడే రైడర్లు ఇలాంటి కార్నర్‌ను మొదటి ఐదు నిమిషాల్లోనే కనిపెట్టి, మ్యాచ్ అంతా వాడి వైపే వస్తారు. పీఈటీ సారు మాటే వినండి.

సింగరాయకొండ సీనియర్:
నేను ఒప్పుకోను. షాద్లూయ్‌ని చూడండి. ఇరాన్ నుంచి వచ్చాడు, ఆడేది లెఫ్ట్ కార్నరే. రైడర్ మీదికి తనే వెళ్తాడు, పట్టాక తొడగొడతాడు, గ్యాలరీ వైపు చూసి అరుస్తాడు. 2023 ప్రో కబడ్డీ వేలంలో పుణేరి పల్టన్ అతన్ని 2.35 కోట్లకు కొన్నది ఓపిగ్గా నిలబడతాడని కాదు. ఆ సీజన్ కప్పు పుణేరి కొట్టింది. తర్వాతి సీజన్‌లో హర్యానా స్టీలర్స్‌కు వెళ్తే కప్పు అక్కడికి పోయింది. భయపెట్టే కార్నర్ ఉంటే రైడర్ ఆ వైపు రావడానికే ఆలోచిస్తాడు, స్కోరు కార్డులో అది కనపడదు. 17 ఏళ్ల పిల్లాడికి ‘ఆగు, ఆగు’ అని నూరిపోస్తే, పట్టాల్సిన చోట కూడా ఆగిపోతాడు. అలా పాడైపోయిన కుర్రాళ్లను మా చుట్టుపక్కల ఊళ్లలోనే చూశాను.

ఇంకో మాట. ఊరి టోర్నీలు మాన్పించమనడం తేలిక. షూ కొనాలన్నా, సెలెక్షన్స్‌కు బస్సు చార్జీలన్నా ఆ పిల్లాడికి వచ్చేది ఆ టోర్నీ డబ్బే. ఈడ్చుకుపోయినా కాలు వదలని మొండితనం కూడా కాలేజీ గ్రౌండ్‌లో రాలేదు, తిరునాళ్లలోనే వచ్చింది.

రైల్వే డిఫెండర్ (నెల్లూరు):
మేనమామ గారూ, నేను కవర్‌గా ఆడి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నా. కాస్త వివరంగా రాస్తాను.

సీనియర్ గారు షాద్లూయ్ పేరు తెచ్చారు కాబట్టి అదే దేశం నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి సంగతి చెప్తా. అతనూ లెఫ్ట్ కార్నరే. 2018 వేలంలో అతని ధర కోటి దాకా వెళ్లింది. ప్రో కబడ్డీ మొత్తంలో ఎక్కువ ట్యాకిల్ (రైడర్‌ను పట్టిన) పాయింట్లు తెచ్చినవాళ్లలో ముందున్నదీ అతనే. ఫజల్ నిలబడే తీరు చూడండి. రైడర్ వచ్చి, తిరిగి, బోనస్ ఆశ చూపించి, ఇక వెనక్కి వెళ్దామని ఒళ్లు తిప్పే క్షణం దాకా కదలడు. ఆ క్షణంలో మాత్రం రెండు చేతులూ కాలి మీద ఉంటాయి. చేరలాథన్ గారు తమిళనాడు మనిషి, మన పక్క రాష్ట్రమే. 2016లో పట్నా పైరేట్స్ కప్పు కొట్టినప్పుడు కెప్టెన్ ఆయన, అప్పటికే నలభై దాటాయి. ఆ వయసులో కుర్ర రైడర్ల మధ్య కార్నర్ ఆడగలిగాడంటే కాళ్లలో వేగం వల్ల కాదు, ఎప్పుడు దూకాలో తెలియడం వల్ల.

షాద్లూయ్ కూడా గుడ్డిగా దూకడు. అతనికి ఎత్తుంది, పట్టు జారితే రెండో పట్టు వేసే బలం ఉంది, పక్కన కవర్ ఎప్పుడు వస్తాడో తెలుసు. మీ పిల్లాడు 66 కేజీలు. ఒక్కడే వెళ్లి పట్టాలనుకుంటే, 85 కేజీల లిమిట్ దాకా ఉన్న రైడర్ వాణ్ణి గీత దాటించేస్తాడు. తిరునాళ్లలో కవర్లు సమయానికి వచ్చారు కాబట్టి మీరు చప్పట్లు కొట్టారు.

అలాగని దూకుడు తీసేయమనను. ఎక్కడ వాడాలో నేర్పాలి. జట్టులో ఏడుగురూ ఉన్నప్పుడు, రైడర్‌ది మొదటి రైడ్ అయినప్పుడు, దూకాల్సిన అవసరమే లేదు. రైడ్‌కు ఉండే 30 సెకన్లు రైడర్‌వి, పాయింట్ లేకుండా ఖాళీగా పోనివ్వాలి. రెండు ఖాళీ రైడ్లు పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ అవుట్. అప్పుడు వాడే లోపలికి రావాలి, మీవాడు వెళ్లనక్కర్లేదు. అదే మనవాళ్లు ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడైతే పట్టుకు రెండు పాయింట్లు, సూపర్ ట్యాకిల్. అక్కడ తెగించాలి. అలాంటప్పుడు మీవాడి లాంటి పిల్లాడే కావాలి. అందరూ ఓపిగ్గా నిలబడి ఆలౌట్ అయిపోతే లాభమేముంది?

నేను పిల్లలకు చేయించేది ఒకటుంది. రైడర్ కూతకు వస్తాడు, కార్నర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పట్టకూడదు. రైడర్ బరువు ఏ కాలి మీద పడిందో అరిచి చెప్పాలి, అంతే. చాపిన కాలు చూడటం మానేసి నడుము చూడటం మొదలవుతుంది. మొదట్లో దూకుడున్న పిల్లలకే ఇది చాలా కష్టం, కొందరికి ఏడుపొస్తుంది. కానీ నెల గడిచేసరికి ముందు కుదురుకునేది కూడా వాళ్లే. మెతక పిల్లాడికి తెగువ నేర్పడం నావల్ల కాలేదు. తెగువున్నవాడికి ఆగడం నేర్పగలం.

సింగరాయకొండ సీనియర్:
సూపర్ ట్యాకిల్ మాట ఒప్పుకుంటున్నా. కానీ టోర్నీలు మాన్పించాలన్నది మాత్రం ఒప్పుకోను. ఆ చేతులు కట్టుకునే ఆట వల్ల భయం పోతుందా? వందలమంది జనం, లైట్లు, అరుపులు, ఆ ఒత్తిడిలో ఆడితేనే గుండె గట్టిపడేది.

నెల్లూరు ఫిజియో:
టోర్నీల గురించి నా వైపు నుంచి కొంచెం. సంక్రాంతి తర్వాత నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో మోకాలి నొప్పి లేనివాడు తక్కువ. రాత్రి మొదలైతే తెల్లారేదాకా ఒకదాని వెనక ఒకటి మ్యాచ్‌లు, మధ్యలో టీ, బన్ను, నిద్ర సున్నా. అలసిన కాలు మెలిపడితేనే లిగమెంట్ తెగేది. పవన్ సెహ్రావత్ సంగతి గుర్తుందిగా? 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా బయట కూర్చున్నాడు. ఆయనకు మంచి వైద్యం, జీతం ఉన్నాయి, తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు తీసుకుంది. పొగాకు రైతు కొడుక్కి ఆ వెసులుబాటు ఉండదు.

తల జాగ్రత్త కూడా నేర్పండి. చీలమండ కోసం దూకేటప్పుడు గడ్డం లోపలికి పెట్టుకుని, తల రైడర్ కాలికి బయటి వైపు ఉంచాలి. మోకాలికి ఎదురుగా తల పెట్టి దూకే పిల్లలను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఇంకొకటి, జూనియర్ సెలెక్షన్స్‌లో బరువు లిమిట్ కోసం అన్నం మాన్పించే వాళ్లుంటారు. ఒప్పుకోకండి. వాడికి ఇప్పుడు బరువు పెరగాలి. గుడ్లు, వేరుశనగ, పాలు, మెడకూ తొడల వెనక భాగానికీ వ్యాయామం.

ఒంగోలు లెక్చరర్:
ఇంటర్ పరీక్షలు మాత్రం వదలనివ్వకండి బాబూ. డిగ్రీలో చేరితే యూనివర్సిటీ జట్టు, అక్కణ్ణుంచి అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు ఇప్పుడు 3 శాతం కోటా కూడా ఉంది. ప్రో కబడ్డీ వస్తే సంతోషం, రాకపోయినా పిల్లాడు రోడ్డున పడకూడదు.

కొండపి మేనమామ:
చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో విషయం ముందే చెప్పాల్సింది. హర్యానాలో ఒక అకాడమీ వాళ్లు వీడి వీడియో చూసి పంపమన్నారు. ఫీజు, హాస్టల్ మనమే కట్టుకోవాలట. బావ అప్పు చేసైనా పంపుతానంటున్నాడు. ఇప్పుడే పంపడం మంచిదేనా?

రైల్వే డిఫెండర్ (నెల్లూరు):
హర్యానాలో ఆట గొప్పదే, కాదనను. ఒక్కో ఊళ్లో మన జిల్లా జట్టుకు సరిపడా రైడర్లు ఉంటారు. రోజూ అలాంటివాళ్లను పట్టడం కంటే మంచి శిక్షణ లేదు. కానీ అప్పు చేసి ఇప్పుడే వద్దు. మీవాడు ఇంతవరకు మట్టి మీదే ఆడాడు, మ్యాట్ మీద షూతో ఆడటం వేరు. మట్టిలో కాలు జారుతుంది, మ్యాట్ మీద షూ పట్టేసుకుంటుంది, ఆ తేడా ఒంటికి అలవాటు కావాలి. అది ఇక్కడే నేర్చుకోవచ్చు. పరీక్షలయ్యాక మీరో, మీ బావో స్వయంగా వెళ్లి రెండ్రోజులు అక్కడే ఉండి చూడండి. ఇప్పటికే ఎంతమంది లెఫ్ట్ కార్నర్లు ఉన్నారు, దెబ్బ తగిలితే చూసేదెవరు, అక్కణ్ణుంచి జట్లకు వెళ్లిన పిల్లలు నిజంగా ఉన్నారా, ఈ మూడూ అడగండి. నోటిమాట నమ్మి డబ్బు కట్టకండి.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. మొదటి సీజన్‌లో, 2014లో, అందరికంటే ఎక్కువ ధర పలికిన రాకేష్ కుమార్‌కు వచ్చింది 12.80 లక్షలు. 2024 వేలంలో చివరిదైన డి కేటగిరీ కనీస ధరే 9 లక్షలు. ఆట ఎదిగింది, అవకాశం నిజం. కానీ వేలం దాకా వెళ్లేది కొద్దిమందే, అందులో 18, 19 ఏళ్లవాళ్లు ఇంకా తక్కువ. నవీన్ కుమార్ 2018లో 18 ఏళ్లకే వచ్చి మెరిశాడు, నిజమే, కానీ అతను రైడర్. కార్నర్ పండటానికి టైం పడుతుంది. మీవాడికి నాలుగేళ్లు ఆలస్యమైనా కొంపలేం మునగవు.

సింగరాయకొండ సీనియర్:
సరే, ఒక మాట మీద కలుద్దాం. పరీక్షలయ్యేదాకా టోర్నీలు వద్దు. తర్వాత నెలకు ఒకటి, అదీ ఒకే రాత్రి. షూ డబ్బులు మేం వేసుకుంటాం. కానీ వాడి అరుపు, తొడగొట్టడం ఎవరూ ఆపొద్దు. అంపైర్‌తో వాదన మాత్రం నేనే మాన్పిస్తా, ఎల్లో కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఆ లోపు జట్టు మునిగిపోతుంది.

కొండపి మేనమామ:
సీనియర్ గారూ, ఆ మాట చాలు. ఇంట్లో ఇవాళే చెప్తాను. పీఈటీ సారు దగ్గర మ్యాట్ లేదు, అదొక్కటే ఇబ్బంది.

కావలి రైడర్:
మేం ఆదివారాలు పొద్దున్నే మ్యాట్ మీద ప్రాక్టీస్ చేస్తాం అన్నా. కొండపి నుంచి కావలికి రావడం పెద్ద పని కాదు, పంపండి. నేనే కూతకు వస్తా. కావాలనే కాలు చాపుతూ ఉంటా, వాడు దూకినప్పుడల్లా పాయింట్ తీసుకుంటా. దూకకుండా నన్ను ఎప్పుడు పట్టుకుంటాడో చూద్దాం. షూ సైజ్ ఎంతో చెప్పండి, మా దగ్గర ఒక జత ఖాళీగా ఉంది.