గెర్రీ పేరులోంచి జెర్రీమాండరింగ్ ఎలా వచ్చింది?

ప్రశ్న: ఎన్నికల మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. ఒకే పేజీలో ‘గెర్రీ’ అనే అమెరికా ఉపాధ్యక్షుడి పేరూ, ఆ పేరు మీద పుట్టిన ‘జెర్రీమాండరింగ్’ (సొంత పార్టీకి కలిసొచ్చేలా నియోజకవర్గాల హద్దులు గీయడం) అనే మాటా ఉన్నాయి. అచ్చుతప్పనుకుని రెండింటికీ ‘జె’ పెట్టాను. రచయిత మళ్లీ ‘గె’ చేసి పంపారు. ఎవరిది ఒప్పు?

జవాబు: రచయితదేనండీ. ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఇంటిపేరులో ఉన్నది గకారమే. ఆయనది సంతకాల కథ. 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద పెట్టారు. 1787లో రాజ్యాంగం మీద పెట్టనన్నారు. పౌరహక్కుల పత్రం లేదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 1812లో మసాచుసెట్స్ గవర్నరుగా ఉండి, సొంత పార్టీకి కలిసొచ్చేలా రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాలు గీసిన బిల్లు మీద పెట్టారు. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం ఊళ్లను చుట్టుకుంటూ కొక్కెంలా వంగింది. దానికి రెక్కలూ గోళ్లూ తగిలించిన బొమ్మను ‘బోస్టన్ గెజిట్’ మార్చి 26న అచ్చువేసింది. బల్లిలా కనిపించే ‘సాలమాండర్’ అనే జీవి పేరుకు తల తీసేసి గవర్నరు పేరు అతికించారు. తర్వాత జనం నోట గకారం జకారమైంది.

మరొకరు: జెర్రి అనగానే నాకు వెయ్యికాళ్ల జెర్రే గుర్తొచ్చింది. ఆ పటానికి నప్పుతుంది కూడా! సాలమాండర్‌ని బల్లి అనవచ్చా?

జవాబు: వద్దండీ, అది కప్పల బంధువు. ఇక మన జెర్రి పాత రాతలో బండి ‘ఱ’తో జెఱ్ఱి. చెవికి చుట్టమే గాని రక్తసంబంధం లేదు.

ప్రశ్న అడిగినవారు: తెలుగులో ‘నియోజకవర్గాల పునర్విభజన’ అంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. జనాభా మారితే హద్దులు మార్చడం పునర్విభజన, అందులో తప్పేమీ లేదు. ఇందులో దొంగతనం ఉంది. ఎదుటి పక్షం ఓటర్లను ఒకేచోట కుక్కేస్తారు, లేదా నాలుగు చోట్లకు చీల్చి ఎక్కడా గెలవనివ్వరు. ఆ ఏడాది ఓట్లు ఎదుటి పార్టీ అయిన ఫెడరలిస్టులకు ఎక్కువ వచ్చినా, 40 సెనేట్ స్థానాల్లో 29 గెర్రీ పార్టీకే దక్కాయి. నేనైతే ‘హద్దుల గారడీ’ అంటాను.

మరొకరు: మనం ‘తుగ్లక్ పాలన’ అన్నట్టే గదా?

జవాబు: కొంతవరకే. తుగ్లక్‌వి సొంత నిర్ణయాలు. గెర్రీకి ఆ బిల్లు నచ్చలేదని ఆయన అల్లుడే జీవితచరిత్రలో రాశాడు. అల్లుడి మాట కాబట్టి కాస్త తగ్గించుకుని వినండి. ఏమైనా, ఆ ఏడాదే గవర్నరు పదవికి ఓడిపోయారు. 1813లో అధ్యక్షుడు మాడిసన్ హయాంలో ఉపాధ్యక్షుడై, 1814 నవంబరు 23న అమెరికా సెనేట్‌కు వెళ్తూ దారిలో కన్నుమూశారు.

ప్రశ్న అడిగినవారు: మనిషికి ‘గె’, మాటకు ‘జె’ ఉంచేశాను. ఒకచోట ఆయన్ని ‘ఉపరాష్ట్రపతి’ అని కూడా రాశారు. దాన్ని మాత్రం నేనే గెలిచి ‘ఉపాధ్యక్షుడు’ చేశాను.