ఆర్‌వీ మురుగు ట్యాంకు ఖాళీ చేయడం: మొదటిసారి వెళ్తున్నాం, చేసినవాళ్లు చెప్పండి

బెజవాడ_బుల్లోడు:
జూలైలో అమ్మానాన్నల్ని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్తున్నా. డెన్వర్‌లో 28 అడుగుల ఆర్‌వీ (వంటగది, పడకలు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) ఏడు రోజులకి అద్దెకి తీసుకున్నాం. మేం నలుగురం, వాళ్లిద్దరు, మొత్తం ఆరుగురం. పార్కులో మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు, ఆ తర్వాత ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు దొరికాయి. అంత పెద్ద బండి నడపడం గురించి నాకు టెన్షన్ లేదు. టెన్షనంతా మురుగు ట్యాంకు గురించే. అద్దెకిచ్చినవాళ్లు పంపిన వీడియోలో ఒకాయన నవ్వుతూ రెండు నిమిషాల్లో పని కానిచ్చేశాడు. ఆ నవ్వు చూశాకే నాకు అనుమానం ఎక్కువైంది.

టాయిలెట్ ట్యాంకు బండి నేల కిందే ఉంటుందని అమ్మకి చెప్తే, "పైన వంట, కింద అదా?" అని ఫోన్లో కాసేపు మాటే లేదు.

అడగాల్సినవి: ఎన్ని రోజులకోసారి ఖాళీ చేయాలి? మాడిసన్‌లో హుకప్‌లు (బండి నిలిపిన చోటే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) లేవు కదా, అక్కడ ఏం చేయాలి? చేతికి అంటుతుందా, నిజం చెప్పండి.

డల్లాస్_మామయ్య:
నిజం చెప్తున్నా, పద్ధతిగా చేస్తే అంటదు. తొందరపడితే అంటుతుంది.

బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి. సింకు, షవర్ నీళ్లు పోయేది గ్రే. టాయిలెట్‌ది బ్లాక్. గ్రేకి, బ్లాక్‌కి విడివిడిగా లాగే పిడులుంటాయి, రెండూ కలిసి బయటికొచ్చే మూతి మాత్రం ఒక్కటే. దానికో క్యాప్ ఉంటుంది. క్యాప్ తీసేముందు కింద చిన్న బకెట్ పెట్టు. వాల్వ్ సీలు అరిగిపోయి ఉంటే లోపల ఆగిన అరలీటరు నీళ్లు నేరుగా బూట్ల మీదికొస్తాయి. నా మొదటి ట్రిప్పులో కొత్త బూట్లు అక్కడే వదిలేసి వచ్చాను.

హోస్ ఒక కొసని మూతికి తిప్పి బిగించు, టక్కుమని పడాలి. రెండో కొసని నేలలో ఉన్న కంతలో పెట్టి దాని మీద రాయో, కాలో పెట్టు. నీళ్ల తోపుకి హోస్ పాములా లేస్తుంది. అప్పుడు బ్లాక్ పిడి లాగు, ముందు బ్లాక్ మాత్రమే. మెల్లగా కాదు, ఒక్కసారే చివరిదాకా. గుడగుడమని మొదలై, ఉధృతంగా పోయి, సన్నగా చప్పుడు తగ్గుతుంది. చప్పుడు ఆగాక బ్లాక్ మూసి గ్రే లాగు. సబ్బు నీళ్లు వెనకాలే వచ్చి హోస్‌ని కడిగేస్తాయి. ఈ వరస తప్పితే హోస్‌ని కడగాల్సింది నువ్వే.

హోస్ మొదట్లో పెట్టే, లోపలిది కనిపించే ప్లాస్టిక్ వంపు ముక్క ఒకటి దొరుకుతుంది. పది పన్నెండు డాలర్లు. కొను. లోపల ఏం పోతోందో చూడాలని ఎవరికీ ఉండదు, కానీ తేట నీళ్లు వస్తున్నాయా లేదా తెలియాలంటే అదొక్కటే దారి.

మాడిసన్‌లో సైట్ దగ్గర హుకప్ లేకపోయినా క్యాంప్‌గ్రౌండ్‌లో డంప్ స్టేషన్, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోటు ఉంది. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో అయితే కరెంటు, నీళ్లు, సీవర్ మూడూ సైట్ దగ్గరే. యెల్లోస్టోన్ మొత్తంలో ఈ సదుపాయం ఉన్న క్యాంప్‌గ్రౌండ్ అదొక్కటే.

మొండి_గోదారోడు:
సీవర్ హుకప్ ఉంది కదా అని నేను చేసిన తప్పు మీరు చేయకండి.

రెండేళ్ల క్రితం ఫ్లోరిడాలో ఒక ప్రైవేట్ పార్కులో నాలుగు రోజులున్నాం. వెళ్లగానే హోస్ తగిలించి రెండు వాల్వులూ తెరిచి పెట్టేశా. ఇంట్లో టాయిలెట్‌కి వాల్వ్ మూసుకుంటామా, ఇదీ అంతే అనుకున్నా. నాలుగో రోజు టాయిలెట్ పెడల్ తొక్కితే కిందికి పోవట్లేదు. టార్చ్ వేసి చూశా. చూడకుండా ఉండాల్సింది. నీళ్లన్నీ ఎప్పటికప్పుడు జారిపోయాయి, గట్టిదంతా గొట్టం కింద పుట్టలా లేచి నిలబడింది.

చెక్ అవుట్ పదకొండింటికి. వాల్వ్ మూసి, టాయిలెట్ నుంచి బకెట్లతో నీళ్లు పోసి, ట్యాంకు సగం పైగా నింపి, గతుకుల రోడ్డు వెతుక్కుంటూ గంటసేపు బండి తిప్పా. లోపల గిలక్కొట్టాలి కదా. మళ్లీ వచ్చి డంప్ చేశా. మూడుసార్లు ఇదే పని. మూడోసారికి పుట్ట కరిగింది. మా ఆవిడ ఆ రోజు నాతో ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయమేసింది.

కాబట్టి బ్లాక్ ఎప్పుడూ మూసే ఉంచాలి. మూడింట రెండొంతులన్నా నిండాకే వదలాలి. నీళ్ల బరువే దాన్ని తోసుకెళ్తుంది. గ్రే తెరిచి ఉంచుకోవచ్చు, కానీ బయల్దేరే ముందు రోజు దాన్ని కూడా మూసేయండి, చివర్లో హోస్ కడగడానికి సబ్బు నీళ్లు మిగలాలి.

సిగ్గుపడకుండా_అడుగుతా:
అందరి మనసులో ఉన్నదే అడుగుతున్నా. మనం కాగితంతో సరిపెట్టుకునేవాళ్లం కాదు. చెంబు తీసుకెళ్లొచ్చా? నీళ్లతో బ్లాక్ ట్యాంకు తొందరగా నిండదా?

డల్లాస్_మామయ్య:
నిండుతుంది. అయినా తీసుకెళ్లండి. బ్లాక్ ట్యాంకుకి నీళ్లు మిత్రులు, కాగితం శత్రువు.

లెక్క వేసుకుందాం. ఈ సైజు బండిలో బ్లాక్ ట్యాంకు 30 గ్యాలన్లు అనుకుందాం, అంటే దాదాపు 114 లీటర్లు. చెంబు, ఫ్లష్ కలిపి మనిషికి ఒకసారికి రెండు లీటర్లు. ఆరుగురు, రోజుకి తలా నాలుగుసార్లు. 48 లీటర్లు. రెండు రోజులకి నిండినట్టే. పగలు క్యాంప్‌గ్రౌండ్ రెస్ట్‌రూములు వాడుకుంటే మూడు నాలుగు రోజులు లాగొచ్చు. మాడిసన్‌లో ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి, షవర్లు మాత్రం లేవు.

కాగితం వాడితే ఆర్‌వీల కోసం అమ్మేదే వాడండి. మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి, కాగితం ముక్క వేసి ఊపి చూడండి. విడిపోయి ముక్కలైతే సరే. తడి వైప్స్ ప్యాకెట్ మీద ఏం రాసినా సరే, ట్యాంకులో వేయొద్దు.

అట్లాంటా_అత్తయ్య:
మగవాళ్లందరూ బ్లాక్ ట్యాంకు పట్టుకుని కూర్చున్నారు. మన ఇళ్లల్లో ముందు నిండేది గ్రే.

పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి చారు. గిన్నెలు ఇంట్లోలా తోమితే ఒకటిన్నర రోజులో గ్రే నిండి, షవర్ కంతలోంచి పసుపు నీళ్లు పైకొస్తాయి. మాకొచ్చాయి. పోపులో కరివేపాకు, నూనె జిడ్డు, అన్నం మెతుకులు, ఎండలో రెండు రోజులు ఆ ట్యాంకులో మగ్గితే వచ్చే వాసన ముందు టాయిలెట్ ట్యాంకు నయం.

నేనిప్పుడు చేసేది ఇది. పళ్లేలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేస్తా. సింకులో సన్న జాలీ పెడతా. ఒక టబ్బులో సబ్బు నీళ్లు, ఇంకో దాంట్లో మంచి నీళ్లు, కుళాయి కింద తోమడం లేదు. నూనె సింకులో పోయను, పాత డబ్బాలో పట్టి చెత్తలో వేస్తా. బియ్యం కడిగిన నీళ్లు టాయిలెట్‌లో పోస్తా, బ్లాక్‌కి ఎలాగూ నీళ్లు కావాలి కదా.

"గ్రే నీళ్లేగా, చెట్టు మొదట్లో పోద్దాం" అనుకోవద్దు. నేషనల్ పార్కులో అలా నేల మీద వదలకూడదు. పైగా యెల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లు. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గుడ్డ టెంట్లు వేయనివ్వకపోవడానికి కారణం అవే. చారు నీళ్ల వాసనకి ఎవరొస్తారో మనకెందుకు.

మాంచెస్టర్_వాన:
మీ కథలు చదువుతుంటే మా పద్ధతే మేలనిపిస్తోంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో అద్దె మోటార్‌హోముల్లో ఎక్కువగా క్యాసెట్ టాయిలెట్. కింద ఉండే పెట్టెని బండి పక్క తలుపు తీసి బయటికి లాగుతాం. 18 లీటర్ల దాకా పడుతుంది, చక్రాలుంటాయి, సూట్‌కేసులా లాక్కెళ్లి క్యాంప్‌సైట్‌లో ఎల్సన్ పాయింట్ (ఈ పెట్టెలు ఒంపే చోటు) దగ్గర ఒంపేయడమే. ఎదురొచ్చే ప్రతివాడికీ అదేంటో తెలుసు, అందరూ గుడ్ మార్నింగ్ చెప్తారు.

ఒంపేటప్పుడు బొటనవేలి దగ్గర గాలి బటన్ ఒకటుంటుంది, దాన్ని నొక్కి పట్టాలి. నొక్కకపోతే లోపలికి గాలి అందక గబుక్కు గబుక్కుమని ఎగిరి పడుతుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో నా జీన్స్ అలాగే పోయింది. గ్రే నీళ్లకి బండిని నేలలో ఉన్న జాలీ మీదికి తెచ్చి వాల్వ్ తిప్పుతాం, సైట్‌లో అది లేకపోతే బకెట్టే గతి.

కూకట్‌పల్లి_వ్యాన్:
మీకు ఒంపడానికి చోటన్నా ఉంది. నేను ట్రావెలర్ వ్యాన్ వెనక మార్పించుకుని చిన్న పోర్టబుల్ టాయిలెట్ పెట్టుకున్నా. హంపి, గోకర్ణ వైపు తిరుగుతుంటా. నా దారిలో డంప్ స్టేషన్ అన్న మాటే ఎక్కడా వినపడలేదు. రాత్రి ఆగిన లాడ్జిలో మేనేజర్‌ని అడిగి వాళ్ల టాయిలెట్‌లో ఒంపి, రెండు బకెట్లు నీళ్లు కొట్టి వస్తా. సగం మంది ఒప్పుకుంటారు. ముందు రూమ్ తీసుకుని తర్వాత అడిగితే ఇంకొంచెం ఎక్కువమంది ఒప్పుకుంటారు.

వాసనకి ఫినాయిల్ మాత్రం పోయకండి. లాడ్జి సెప్టిక్ ట్యాంకులో పని చేసేది బ్యాక్టీరియా. మన రైళ్లలో బయో టాయిలెట్లదీ అదే సూత్రం. దాన్ని చంపేస్తే మనల్ని రానిచ్చినవాడికే నష్టం.

మొండి_గోదారోడు:
ఇక్కడా అంతే. చాలా క్యాంప్‌గ్రౌండ్లకి సొంత సెప్టిక్ ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందులు వద్దు, ఎంజైమ్ పొట్లాలు వాడండి. ఖాళీ చేశాక టాయిలెట్‌లో పది పదిహేను లీటర్ల నీళ్లు పోసి పొట్లం వేయాలి. పొడి ట్యాంకులో వేస్తే దండగ.

అట్లాంటా_అత్తయ్య:
ఇంకో మాట. డంప్ స్టేషన్ దగ్గర కంత పక్కనే ఒక కుళాయి ఉంటుంది, తాగడానికి కాదని బోర్డు ఉంటుంది. హోస్ కడగడానికే అది. మంచినీళ్ల హోస్‌ని దాని దరిదాపులకి తీసుకెళ్లొద్దు. ఆ హోస్ తెలుపో నీలమో ఉంటుంది, వేరే డబ్బాలో దాచండి. ఒక పెద్దమనిషి మురుగు హోస్ మూతిని తాగునీటి కుళాయి లోపలికి దూర్చి కడగడం కళ్లారా చూశాను. అప్పటినుంచి ఏ కుళాయి అయినా ముందు తుడిచి, కాసేపు నీళ్లు వదిలాకే పట్టుకుంటున్నా.

బెజవాడ_బుల్లోడు:
వెళ్లొచ్చాం! అందరికీ థ్యాంక్స్. రిపోర్ట్ ఇస్తున్నా.

మాడిసన్ నుంచి బయల్దేరే రోజు పొద్దున పదింటికి డంప్ స్టేషన్‌కి వెళ్తే మా ముందు ఐదు బండ్లు. నేను మూడు జతల గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి వేసుకుని నిలబడ్డా. నాన్న దిగి వచ్చి, "ఇటివ్వు" అని ఒక జత లాక్కున్నారు. పొలంలో ఇంజిను పైపులు మార్చిన చేతులు. హోస్ తిప్పి బిగించి, రెండో కొస మీద కాలేసి నిలబడి, "లాగరా" అన్నారు. లాగా. ఆ ప్లాస్టిక్ వంపులోకి తొంగి చూసి, "తేట పడింది, మూసెయ్, రెండోది వదులు" అని నాకు చెప్తున్నారు. వెనకాల పెద్ద బస్సులాంటి ఆర్‌వీ ఆయన మా నాన్నని అడిగి మరీ తన హోస్ బిగించుకున్నాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

అమ్మ బండి లోపల టాయిలెట్ ఐదు రోజులూ వాడలేదు, రెస్ట్‌రూములకే నడిచింది. వంట బయట బల్ల మీద, స్టవ్ పెట్టుకుని. దాంతో గ్రే కూడా సగానికి మించలేదు.

ఒక్క గొడవ మిగిలింది. ఖాళీ చేసి, కడిగి, మళ్లీ కడిగినా లోపల బోర్డు మీద బ్లాక్ లెవెల్ మూడింట రెండొంతులనే చూపిస్తోంది. రేపు బండి తిరిగివ్వాలి. డంప్ చేయకుండా తెస్తే ఫీజు వేస్తామని అగ్రిమెంట్‌లో ఉంది.

డల్లాస్_మామయ్య:
సెన్సార్ మీద కాగితం ముక్క అంటుకుని ఉంటుంది. ఆ దీపాల మాట నేనెప్పుడూ నమ్మను. డంప్ చేసిన రసీదు గానీ, ఫొటో గానీ ఉందా?

బెజవాడ_బుల్లోడు:
రసీదు లేదు. తిరిగిచ్చేటప్పుడు అక్కడి అబ్బాయి బోర్డు చూసి తల అడ్డంగా ఊపాడు. నాన్న మాట్లాడకుండా టాయిలెట్ పెడల్ తొక్కి పట్టుకుని, ఫోన్ టార్చ్ వెలిగించి అతని చేతిలో పెట్టారు. ఆ అబ్బాయి వంగి ఒక్క క్షణం చూసి సంతకం పెట్టేశాడు.