బరోక్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
ప్రాగ్ మీద యాత్రా వ్యాసం రాస్తూ, మాలా స్ట్రానా పేటలోని సెయింట్ నికొలస్ చర్చి దగ్గర ఆగిపోయాను. అది బరోక్ కట్టడం, అంటే 17, 18 శతాబ్దాల్లో యూరప్‌లో నడిచిన కళాశైలిలో కట్టింది. ఎడిటర్ గారేమో "అలంకృత శైలి" అని రాయమంటున్నారు. ఆ లెక్కన హళేబీడు గుడీ అలంకృతమేగా? మంచి మాట చెబుదురూ.

జవాబు:
"అలంకృత" చాలదండి. నగిషీ ఎక్కడైనా ఉంటుంది, ఇక్కడ చూడాల్సింది కదలిక. ఆ చర్చి ముందుగోడ తిన్నగా ఉండదు. ఒకచోట లోపలికి ఒంగి, ఇంకోచోట బయటికి ఉబ్బి, అలలా సాగుతుంది. 18వ శతాబ్దం మొదట్లో క్రిష్టోఫ్ డీన్‌ట్సెన్‌హోఫర్ జెసూయిట్లనే క్యాథలిక్ సన్యాసుల సంఘం కోసం పని మొదలుపెడితే, కొడుకు కిలియాన్ ఇగ్నాట్స్ గుమ్మటం లేపాడు. కప్పు మీద యొహాన్ లూకాస్ క్రాకర్ వేసిన చిత్రం 1,500 చదరపు మీటర్ల పైమాటే. కట్టడం ఎక్కడ ఆగిందో, బొమ్మ ఎక్కడ మొదలైందో కింద నిలబడినవాడికి అంతుచిక్కదు.

ఇక మాట సంగతి. పోర్చుగీసులో బరోకో అంటే గుండ్రంగా లేని ముత్యం. మనకు ఆణిముత్యం ఉంది కదా, అందులో "ఆణి" అంటే ముత్యపు గుండ్రదనమే. అంటే బరోక్ అచ్చంగా ఆణి తప్పిన ముత్యం! మొదట్లో అది తిట్టే. మెచ్చుకోలుగా మారడానికి చాలాకాలం పట్టింది.

ఇంకొకరు:
ముత్యం కథ ఒక్కటే కాదండోయ్. మధ్యయుగపు తర్కశాస్త్రంలో "బరోకో" అని ఒక వాదన పద్ధతి ఉంది. డొంకతిరుగుడు వాదాన్ని దాని పేరుతో ఎగతాళి చేసేవారట. పండితులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు. నాకైతే ముత్యమే ముద్దు. చార్మినార్ దగ్గర ముత్యాల కొట్లలో కూడా వంకర ముత్యాన్ని బరోక్ అనే అమ్ముతారు. పాదిరీ, అల్మారా పోర్చుగీసు నుంచి వచ్చి మనలో కలిసిపోలేదా? దీన్నీ అలాగే ఉంచేయండి.

మరొకరు:
చిన్న పిడకల వేట. చెక్ భాషలో మామూలు చర్చి "కొస్తెల్". ఈ నికొలస్ చర్చిని మాత్రం "ఖ్రామ్" అని కూడా అంటారు, అంటే ఆలయం. కొస్తెల్ వినగానే కోవెల గుర్తొచ్చి మురిసిపోయాను గానీ, చుట్టరికం ఏమీ లేదు. దాని మూలం లాటిన్ "కాస్టెల్లుమ్", కోట. మా ఊరి క్యాథలిక్కులు మాత్రం ఆదివారం "గుడికెళ్లొచ్చాం" అనే అంటారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారాలు. మొదటిసారి "ఆణి తప్పిన ముత్యం" అని విప్పి చెప్పి, ఆ తర్వాత బరోక్ అనే రాసేస్తా. శీర్షికకి "సొట్ట ముత్యం" అనుకుంటున్నా, ఎడిటర్ గారు ఊరుకుంటే.