25 శాతం కోటానా, మున్సిపల్ బడికి ఇంకో టీచరా?

పలకబలపం:
విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, వాళ్ల ఫీజు ప్రభుత్వం భరిస్తుంది. ఆంధ్రలో 2022-23 నుంచి అమలవుతోంది. విజయవాడ, విశాఖల్లో ఆ డబ్బేదో మున్సిపల్ బడులకే పెడితే ఎక్కువమందికి మేలు కాదా?

వార్డుబడి:
నిక్షేపంగా. ఒకటో తరగతిలో 60 సీట్లుంటే కోటా 15. ఎనిమిదో తరగతి దాకా నిండితే 120 మంది. నగరాల్లో తొలుత ఖరారైన ఫీజు ఏడాదికి 8,000. మొత్తం 9.6 లక్షలు. ఒక కొత్త ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఏడాది జీతం పోనూ మిగులుతుంది.

అసలు దెబ్బ మరోచోట ఉంది. చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడికి 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. 63 మందిలో కోటా సీట్ల లాటరీ తగిలి ముగ్గురు వెళ్లారనుకోండి, మూడో పోస్టుకు ఎసరు. మిగిలిన 60 మందికి ఐదు తరగతులూ ఇద్దరే చెప్పాలి. వెళ్లినవాళ్ల లాభం లెక్కకొస్తుంది, ఉన్నవాళ్ల నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

సెక్షన్12:
వార్డుబడి గారూ, మీ లెక్క సరే, నేరం మాత్రం కోటాది కాదు. అప్పు చేసి ఫీజు కట్టి సందు చివరి ప్రైవేటు బడికి పంపేవాళ్ల వల్లా ఆ పోస్టు పోతుంది. ప్రభుత్వ బడికి కిలోమీటరు లోపున్న ప్రైవేటు బడులకు మినహాయింపంటూ మహారాష్ట్ర 2024లో నిబంధన మార్చింది. నగరంలో కిలోమీటరు లోపు సర్కారు బడి లేని చోటెక్కడ? కోటా దాదాపు మాయమయ్యేదే. ఆ నిబంధనను బాంబే హైకోర్టు అదే ఏడాది కొట్టేసింది.

నిజంగా తేడా కొడుతున్నది ప్రవేశం దగ్గర. యూకేజీలోని 60 మందీ పైకొస్తే ఒకటో తరగతి అప్పటికే నిండినట్టు, ‘ఖాళీల్లేవు’ అంటారు. చేరిన పిల్లలేమో రెండేళ్లు ఇంగ్లిషు అక్షరాలు దిద్దినవాళ్ల పక్కన కూర్చుంటారు. ఆ లోటు ట్యూషన్ రూపంలో తల్లిదండ్రుల మీద పడుతుంది. ప్రీప్రైమరీ ఉన్న బడిలో కోటా అక్కడి నుంచే వర్తిస్తుందని సెక్షన్‌లోనే ఉంది. ఢిల్లీలో నర్సరీ నుంచే డ్రా తీస్తారు.

ర్యాంపు:
డబ్బు వెళ్లే దారి కూడా చూడండి. మొదట్లో ఫీజును తల్లి ఖాతాలో పడే అమ్మఒడి సొమ్ములోంచి కట్టమన్నారు. అది ఆలస్యమైతే యాజమాన్యం నిలదీసేది పిల్లవాడినే. నేరుగా బడికే, ఏడాదికి రెండు విడతలుగా వేయాలి. పుస్తకాలు, యూనిఫాం కూడా ఉచితమేనని కేంద్ర నమూనా నియమాలంటాయి; చాలాచోట్ల వాటికి వేరే బిల్లు.

ఇక ఆంధ్రలో ఆ 25 శాతంలోనే అనాథలు, హెచ్ఐవీ బాధితులు, దివ్యాంగులు మూడు వర్గాలకూ కలిపి 5 శాతం. 60 సీట్ల తరగతిలో మూడు. ఆ 8,000తో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని ఏ బడి పెడుతుంది?

వార్డుబడి:
నర్సరీ నుంచి అంటే కాదనను. కానీ మూడేళ్ల పిల్లలు అటు వెళ్తే ముందు ఖాళీ అయ్యేది అంగన్‌వాడీ. అక్కడి గుడ్డు, పాలు, మధ్యాహ్న భోజనం ప్రైవేటు నర్సరీలో ఎవరు పెడతారు? ఆ ఖర్చు 8,000లో లేదు.