మిద్దె మీద ఎర్రగడ్డలు: కాడ వాలలేదు, పీకాలా వద్దా?

మిద్దెతోట_కర్నూలు:
జూన్‌లో ఎన్-53 రకం ఉల్లినారు పోసి జూలై ఆఖర్లో ట్రేల్లో నాటినాను. నవంబరు వచ్చింది, గడ్డ సగం మట్టి పైకి తేలింది, ఎరుపు బాగా పట్టింది, కాడ మాత్రం నిటారుగా నిలబడింది. కాడ వాలితేనే పీకాలంటారు కదా, ఎన్నాళ్లు చూడాలి? పీకినాక ఎండలో ఉంచాలా, నీడలోనా? యాసంగికి విత్తనం ఎక్కడ కొనాలో కూడా చెప్పండి.

తాడిపత్రి_అక్క:
కాలితో తొక్కెయ్ నాయనా, దానికింత టెన్షన్ ఎందుకు? మా నాయన చేన్లో కాడల మీద ఖాళీ డ్రమ్ము దొర్లించేవాడు. వారంలో కాడ ఎండిపోయేది.

ప్రొద్దుటూరోడు:
తొక్కమని చెప్పొద్దక్కా! పోయిన వేసవిలో ఎవరో చెప్తే నేనూ వంచినా. కాడ, గడ్డ కలిసే మెడ దగ్గర మెత్తబడి కుళ్లు పట్టింది, ఆరు కేజీలు పెంటకుప్పలో పోసినా. ఆ వాసన ఇంకా పోలేదు.

తాడిపత్రి_అక్క:
వంచినాక నీళ్లు పోసినావా లేదా, అది చెప్పు ముందు.

ప్రొద్దుటూరోడు:
పోసినా. ఎండలు మండుతుంటే పోయకుండా ఎట్లా?

తాడిపత్రి_అక్క:
అదీ సంగతి. తప్పు నీది, తిట్లు నా డ్రమ్ముకు.

రిటైర్డ్_ఏఈఓ:
ఇద్దరూ అరుచుకోకండి. వ్యవసాయ విస్తరణాధికారిగా ముప్పై ఏళ్లు ఉల్లి రైతుల మధ్యే తిరిగినవాణ్ణి, ఈ తగువు ప్రతి ఊళ్లోనూ చూసినాను. యాసంగి పంటకు ఎండ తగిలేకొద్దీ కాడ దానంతటదే వాలుతుంది, సగం వాలినాక పీకుతాం, దాన్ని వంచే పని లేదు. వానాకాలం పంటకు తేమ, చలి వల్ల ఆకు పెరుగుతూనే ఉంటుంది, కాడ వాలదు. అందుకే ఆకు కొంచెం పసుపు తిరిగి గడ్డకు రంగు వచ్చినాక డ్రమ్ము దొర్లించేది. ప్రొద్దుటూరు తమ్ముడు వేసవి పంటకు వానాకాలం వైద్యం చేసినాడు. పీకే పది, పదిహేను రోజుల ముందే నీళ్లు ఆపాలి. ఇంకోటి, నాటిన నెలన్నర దాటినాక యూరియా వేసినవాళ్ల గడ్డకు మెడ లావవుతుంది, అది నిలవ ఉండదు.

ప్రొద్దుటూరోడు:
సరే సార్. కానీ అక్క ఆ మాట ముందే చెప్పుండొచ్చు కదా.

కడప_కుండీ:
నా బాధ వేరే. ఆన్‌లైన్‌లో విదేశీ పెద్ద గడ్డ విత్తనం, ప్యాకెట్ 250 రూపాయలు పెట్టి కొన్నా. ఐదు నెలలు పెంచితే కాడలే, గడ్డ లేదు. ఉల్లికాడ కూర తిని తిని ఇంట్లో నన్ను చూస్తేనే కోపం.

రిటైర్డ్_ఏఈఓ:
అది చల్లని దేశాల రకం. పద్నాలుగు గంటలకు పైగా పగలుంటేనే గడ్డ కడుతుంది. మనకు జూన్‌లో కూడా పదమూడు గంటల పగలే.

గుత్తి_చిన్నోడు:
కడపోళ్లు కృష్ణాపురం చిన్న గడ్డ పక్కనే పెట్టుకుని బయటి విత్తనం కొంటారా? అది సింగపూర్, మలేషియా పోతుంది సామీ!

కడప_కుండీ:
పోతుంది, మా ఇంటికి మాత్రం రాదు.

హైదరాబాద్_బాల్కనీ:
ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయేనా? మా దగ్గర అది ఒక ఏరియా పేరు.

తాడిపత్రి_అక్క:
ఉల్లిపాయే. తెల్లగడ్డ అంటే వెల్లుల్లి. బొరుగుల ఉగ్గానిలో ఎర్రగడ్డ సన్నగా తరిగి వేసుకుని తిను, పేరు తప్పకుండా గుర్తుంటుంది.

గుత్తి_చిన్నోడు:
ఉగ్గాని అన్నాక బజ్జీ కూడా అనాలక్కా. ఎండు మిరపకాయతో చేసే బజ్జీ కాదు, పచ్చిది.

ప్రొద్దుటూరోడు:
దానికంటే మా ఎర్రకారం దోశ మేలు.

మిద్దెతోట_కర్నూలు:
బజ్జీ తర్వాత తేల్చుకుందురు గానీ, పీకినాక ఎండా నీడా?

రిటైర్డ్_ఏఈఓ:
మూడు, నాలుగు రోజులు ఉన్నచోటనే, ఒక మొక్క ఆకు ఇంకో మొక్క గడ్డను కప్పేటట్లు పరచు. గడ్డకు నేరుగా ఎండ తగిలితే మాడుతుంది. తర్వాత నీడలో వారం, పది రోజులు. మెడ బాగా ఎండినాక రెండు సెంటీమీటర్లు వదిలి కొయ్యి. ఎంత చేసినా వానాకాలం గడ్డ నెలల తరబడి నిలవ ఉండదు, తినెయ్యండి.

మిద్దెతోట_కర్నూలు:
పొద్దున రెండు ట్రేలలో చేత్తో వంచినాను, మూడోది ముట్టలేదు. సాయంత్రం వాన దంచింది. ట్రేలు మెట్ల కిందికి మోసి నడుము పట్టేసింది. ఇంతకీ విత్తనం?

తాడిపత్రి_అక్క:
నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టుకో నాయనా.